ఎంబీఏనా, ఫైనాన్స్‌లో మాస్టర్సా?

ప్రశ్న: కామర్స్ డిగ్రీ తర్వాత ఏడాదిన్నరగా ఆడిట్ పనిలో ఉన్నాను. షేర్ల విశ్లేషణ, కంపెనీల విలువ కట్టే పనిలో స్థిరపడాలని ఉంది. ఇంట్లోవాళ్లు ఎంబీఏ చేయమంటున్నారు, స్నేహితులు ఫైనాన్స్‌లో మాస్టర్స్ చేయమంటున్నారు. ఏది మేలు?
– ఒక పాఠకురాలు

జవాబు: ఏ పని చేయాలో మీకు ఇంత స్పష్టంగా తెలుసు కాబట్టి ఫైనాన్స్‌లో మాస్టర్స్ వైపే నేను మొగ్గుతాను. చాలాచోట్ల ఏడాది నుంచి ఏడాదిన్నరలో ముగిసే ఈ కోర్సులో చదువంతా వాల్యుయేషన్ (కంపెనీల విలువ కట్టడం), బాండ్లు, డెరివేటివ్‌లు (షేర్ల వంటి వాటి ధరపై ఆధారపడే ఒప్పందాలు), ఎకనామెట్రిక్స్ (ఆర్థిక సమాచారాన్ని గణాంకాలతో విశ్లేషించడం) చుట్టూనే తిరుగుతుంది. మీకున్నంత కొద్దిపాటి అనుభవంతో చేరడం అక్కడ మామూలే.

ఎంబీఏ మేనేజర్ల కోసం పుట్టిన చదువు. 1908లో హార్వర్డ్ మొదలుపెట్టిన నాటి నుంచీ దాని గురి అదే కనుక, మార్కెటింగ్, ఆపరేషన్స్, సిబ్బంది నిర్వహణ వంటివి కూడా చదివాకే ఫైనాన్స్‌పై పూర్తిగా దృష్టి పెట్టే వీలు దొరుకుతుంది. కంపెనీలకు పెట్టుబడులు సమకూర్చిపెట్టే ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకులు మాస్టర్స్ చేసినవారిని అనలిస్టులుగా, ఎంబీఏ చేసినవారిని ఒక మెట్టు పైన అసోసియేట్లుగా తీసుకోవడం ఆనవాయితీ. మీ ఇంట్లోవాళ్లు ఆ పై మెట్టును చూసే చెబుతూ ఉండవచ్చు. కానీ పేరున్న స్కూళ్లలో ఎంబీఏకి వచ్చేవారిలో చాలామందికి అప్పటికే నాలుగైదేళ్ల అనుభవం ఉంటుంది. ఆ మెట్టులో డిగ్రీతో పాటు ఆ అనుభవానికీ వాటా ఉంది.

ఎంబీఏకి ఒక గట్టి బలం ఉందని మాత్రం ఒప్పుకోవాలి. రెండేళ్ల కోర్సు మధ్యలో వచ్చే వేసవి ఇంటర్న్‌షిప్ రంగం మారేవారికి కొత్త పనిని చేసి చూపించే అవకాశమిస్తుంది, అక్కడి నుంచే చాలామందికి ఉద్యోగం ఖాయమవుతుంది. ఏడాది మాస్టర్స్‌లో అంత వ్యవధి ఉండదు. తరగతులు మొదలైన కొన్ని వారాలకే నియామకాల హడావుడి వచ్చిపడుతుంది కనుక, ఒకటి రెండు కంపెనీలపై మీ సొంత వాల్యుయేషన్ మోడళ్లు చేరకముందే తయారుగా పెట్టుకోండి. ఆడిట్‌లో బ్యాలెన్స్ షీట్లు తిరగేసిన చేయి ఇక్కడ బాగా అక్కరకొస్తుంది.

ఫీజు కట్టే ముందు సీఎఫ్ఏ (చార్టర్డ్ ఫైనాన్షియల్ అనలిస్ట్) మొదటి లెవెల్ పుస్తకాలు నాలుగు నెలలు చదివి చూడండి. మూడు లెవెళ్ల పరీక్షలతో పాటు కనీసం 36 నెలల్లో 4,000 గంటల తగిన పని అనుభవం అడిగే ఈ అర్హతకు షేర్ల విశ్లేషణలో మంచి విలువ ఉంది, ఉద్యోగం చేస్తూనే చదువుకోవచ్చు. ఆ చదువు విసుగనిపిస్తే మాస్టర్స్ దరఖాస్తులు ఆపి, మరో మూడేళ్లు పనిచేశాక ఎంబీఏ గురించి ఆలోచించండి.