ములాఖత్‌కి వెళ్తే నాలుగు గంటలు గదిలో కూర్చోబెట్టారు

ప్రశ్న: మా తమ్ముడు రిమాండ్‌లో ఉన్నాడు. ములాఖత్‌కి వెళ్లినప్పుడు నా బ్యాగులో మర్చిపోయిన పాత ఫోన్ గేటు దగ్గర దొరికింది. క్యూలో అందరి ముందే మహిళా వార్డర్ నన్ను తడిమి చూసింది. పేరు చెప్పి ఆధార్ చూపించినా ఒక గదిలో నాలుగు గంటలు కూర్చోబెట్టారు. తెల్లకాగితం మీద సంతకం పెట్టించుకుని పంపించారు. జైలు వాళ్లకి అంత అధికారం ఉందా?

జవాబు: తనిఖీ చేసే అధికారం ఉంది. అందరి ముందు చేయడం మాత్రం తప్పు. ఇక నాలుగు గంటలు ఆపడానికైతే, మీరు చెప్పిన వివరాల్లో నాకు ఏ ఆధారమూ కనిపించడం లేదు.

1894 నాటి జైళ్ల చట్టం చూడండి. నిషేధిత వస్తువు తెస్తున్నారని అనుమానం వస్తే గేటు సిబ్బంది ఆపి వెతకవచ్చని సెక్షన్ 21 చెబుతోంది. ములాఖత్‌కి వచ్చినవారిని అనుమానం ఉంటే జైలర్ తనిఖీ చేయించవచ్చు. కానీ ఆ తనిఖీ ఖైదీల ముందు గానీ, ములాఖత్‌కి వచ్చిన వేరేవాళ్ల ముందు గానీ జరగకూడదని సెక్షన్ 41 స్పష్టంగా అంటోంది. మీరు తనిఖీకి ఒప్పుకోకపోతే జైలర్ లోపలికి పంపకుండా ఆపవచ్చు. అలా ఆపిన కారణాన్ని రికార్డులో రాయాలి.

అసలు విషయం సెక్షన్ 43లో ఉంది. నిషేధిత వస్తువు లోపలికి తేవడం సెక్షన్ 42 కింద నేరమే, మర్చిపోయి తెచ్చినా ముందు సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది. అయినా జైలు అధికారి తానే అరెస్టు చేయాలంటే, ఆ నేరం తన కళ్లెదుట జరగాలి, పైగా ఆ మనిషి పేరు, చిరునామా చెప్పనని మొండికేయాలి, లేదా తప్పుడువి చెప్పాలి. అప్పుడు కూడా ఆలస్యం లేకుండా పోలీసులకు అప్పగించాలి. మీరు ఆధార్ చూపించారు. అంటే కేసు పెట్టదలిస్తే పోలీసులకు కబురు చేయాల్సింది, గదిలో కూర్చోబెట్టడం కాదు. చట్టబద్ధమైన కారణం లేకుండా ఇలా కదలనివ్వకపోతే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 127 కింద అక్రమ నిర్బంధం అవుతుంది. (గంజాయిలాంటిది దొరికితే వేరే చట్టం వర్తిస్తుంది, ఈ జవాబు దానికి కాదు.)

నన్ను ఎక్కువ కలవరపెడుతున్నది ఆ తెల్లకాగితం. దాని మీద రేపు ఏమైనా రాసుకోవచ్చు. అందుకే ఈరోజే జైలు సూపరింటెండెంట్‌కి, జైళ్ల శాఖ డైరెక్టర్ జనరల్‌కి రిజిస్టర్డ్ పోస్టులో ఫిర్యాదు పంపండి. తేదీ, గేటు దగ్గరికి వచ్చిన సమయం, బయటికి పంపిన సమయం, ఖాళీ కాగితం మీద సంతకం తీసుకున్న సంగతి రాయండి. గేటు సీసీటీవీ ఫుటేజ్ చెరిపేయకుండా భద్రపరచమని అందులోనే అడగండి. లాయర్ ఫీజు గురించి టెన్షన్ పడకండి, మహిళలకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ని ఇస్తుంది. మానవ హక్కుల కమిషన్‌కి వెళ్లాలనుకుంటే ఏడాదిలోపే వెళ్లాలి.