తమ్ముడికి కౌన్సిల్ సాయం: ముందు మదింపు అడగండి

నమస్కారమండీ. మేధో వైకల్యం ఉన్న మీ 26 ఏళ్ల తమ్ముడికి, నాన్నగారి జీతం ఎక్కువ కాబట్టి సాయం రాదని కౌన్సిల్ (స్థానిక ప్రభుత్వ సంస్థ) వాళ్లు ఫోనులో చెప్పారని రాశారు. ఆ మాట పట్టించుకోకండి. ఇంగ్లండ్‌లో 2014 నాటి కేర్ చట్టం ప్రకారం, సాయం అవసరమనిపించే ఏ పెద్దవారికైనా కౌన్సిల్ అవసరాల మదింపు (ఏ పనుల్లో ఎంత సాయం కావాలో చూడడం) చేసి తీరాలి. డబ్బు లెక్క ఆ తర్వాతి సంగతి. అప్పుడైనా చూసేది తమ్ముడి ఆదాయం, పొదుపులే, కన్నవారివి కావు.

ఈసారి ఫోను వద్దు, ఈమెయిలు రాయండి. తెలుగు దుభాషి కావాలని అందులోనే అడగండి. ఇక అసలు చిక్కు మన దగ్గరే ఉంది: మదింపుకు మనిషి ఇంటికి రాగానే పరువు కోసం "మావాడు అన్నీ చేసుకుంటాడండీ" అనేస్తాం! (మా అమ్మ టీ ఇచ్చి మరీ అలాగే చెప్పింది.) అమ్మ తలుపు దగ్గర నిలబడి గుర్తుచేస్తే తప్ప స్నానం పూర్తికాదంటే, అది చేసుకోవడం కాదు. వారం పాటు ఎవరు ఏ పనికి సాయపడ్డారో రాసిపెట్టి అది చూపించండి. అమ్మగారికి సంరక్షకురాలిగా విడిగా మదింపు అడగవచ్చు, అదీ హక్కే. నిర్ణయం మాత్రం రాతపూర్వకంగా తీసుకోండి; కాదంటే కౌన్సిల్‌కే ఫిర్యాదు, అక్కడా తేలకపోతే ఇలాంటి ఫిర్యాదులు విచారించే స్వతంత్ర అధికారి ఓంబుడ్స్‌మన్.