పాత యాంప్లిఫయర్‌కు కొత్త పవర్ సప్లై అవసరమా?

ప్రశ్న: మా బాపు సౌదీ నుంచి తెచ్చిన స్టీరియో యాంప్లిఫయర్ ఉంది, ఛానెల్‌కు 50 వాట్లు. స్పీకర్లలో ఒకటే హమ్మింగ్. వాల్యూమ్ సున్నాకు తెచ్చినా తగ్గదు. పవర్ సప్లై తీసేసి ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్లలో ఉండే లాంటి స్విచింగ్ పవర్ సప్లై) పెడదామని మెకానిక్ అంటున్నాడు. ఒప్పుకోవచ్చా? – హనుమకొండ పాఠకుడు

జవాబు: ఇప్పుడే ఒప్పుకోకండి. వాల్యూమ్‌తో సంబంధం లేని హమ్మింగ్‌కు ఎక్కువసార్లు కారణం ఎండిపోయిన ఫిల్టర్ కండెన్సర్లే (డీసీ కరెంటును నునుపు చేసేవి). వాల్యూమ్‌తో పాటు పెరిగితే తప్పు ఇన్‌పుట్ వైర్లలోనో ఎర్తింగ్‌లోనో ఉంటుంది.

ముందు ట్రాన్స్‌ఫార్మర్ సంగతి తేల్చండి, సెట్‌లో అసలు విలువ దానిదే. ప్లగ్ తీసేసి, కండెన్సర్ల చార్జిని 1 కిలో ఓమ్, 5 వాట్ల రెసిస్టర్‌తో అర నిమిషం దించి, మీటర్‌తో సున్నా చూసుకున్నాకే చెయ్యి పెట్టాలి. ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీ (వోల్టేజ్ బయటికి ఇచ్చే వైపు) వైర్లన్నీ విప్పి, 60 వాట్ల ఫిలమెంట్ బల్బు సిరీస్‌లో (కరెంటు బల్బు గుండానే పోయేలా) పెట్టి కరెంటు ఇవ్వండి. ఎల్‌ఈడీ బల్బు ఇక్కడ పనికిరాదు. బల్బు మొదట ఒక్కసారి మెరిసి ఆరిపోతే ట్రాన్స్‌ఫార్మర్ బాగున్నట్టే. వెలుగుతూనే ఉంటే లోపల చుట్లు షార్ట్ అయ్యాయి.

బాగుంటే మార్చాల్సింది రెండు పెద్ద కండెన్సర్లు, ఒక బ్రిడ్జి (ఏసీని డీసీగా మార్చే డయోడ్ల ముక్క). మీ సెట్‌లో 6800 మైక్రోఫారడ్లు, 50 వోల్టులవి ఉంటే 10,000 మైక్రోఫారడ్లు, 63 వోల్టులు, 105 డిగ్రీల వేడి తట్టుకునే రకం తీసుకోండి. అంతకుమించి పెంచితే లాభం తక్కువ, ఆన్ చేసిన క్షణాన బ్రిడ్జి మీద, ఫ్యూజు మీద భారం ఎక్కువ. బ్రిడ్జి 25 ఆంపియర్లది వేసి, వేడి లాగే పేస్టు రాసి ఛాసిస్‌కు (సెట్ లోహపు అడుగుకు) బిగించండి. మైనస్ రైలులో (రైలు అంటే యాంప్లిఫయర్‌కు డీసీ వోల్టేజ్ ఇచ్చే లైను) కండెన్సర్ ప్లస్ కాలు గ్రౌండ్‌కు పోతుంది. చాలామంది తడబడేది ఇక్కడే, తిరగేస్తే కండెన్సర్ పేలుతుంది. విప్పే ముందే ఫోటో తీసుకోండి. వేడెక్కే రెసిస్టర్ల పక్కనున్న 47, 100 మైక్రోఫారడ్ల చిన్నవీ అదే చేత్తో మార్చేయండి. చుట్టూ వేడి 10 డిగ్రీలు పెరిగితే కండెన్సర్ ఆయుష్షు సగమవుతుంది, మన ఎండాకాలం సంగతి తెలిసిందే కదా. సెట్ మీద గుడ్డ కప్పి వాడకండి. అంతా అయ్యాక మొదటిసారి ఆ సిరీస్ బల్బుతోనే, స్పీకర్లు తీసేసి ఆన్ చేయండి.

గల్ఫ్ నుంచి వచ్చిన సెట్ కాబట్టి ఇంకో జాగ్రత్త. వెనకాల వోల్టేజ్ సెలెక్టర్ ఉంటే చూడండి. 110లోనో 127లోనో ఉంటే ప్లగ్ పెట్టనే వద్దు. 220లో ఉంటే 240కి మార్చండి. రాత్రి లోడు తగ్గి ఇంట్లో 250 వస్తే, 220 మీద 35 వోల్టులిచ్చే రైలు 40 దాకా పోతుంది. 63 వోల్టుల కండెన్సర్ అడిగింది అందుకే.

ఎస్‌ఎంపీఎస్ చెడ్డదని కాదు. మీ సెట్‌కు ప్లస్, మైనస్ రెండు రైళ్లు కావాలి, రిలేకూ ట్యూనర్‌కూ వేరే వైండింగులు ఉండొచ్చు. అవన్నీ ఒక చవక సప్లై ఇవ్వదు. డ్రమ్ము దెబ్బ పడిన క్షణాన కరెంటు ఎక్కువ లాగితే ప్రొటెక్షన్‌లోకి పోయి ఆగిపోతుంది, మీడియం వేవ్‌లో గరగర కూడా మొదలవుతుంది.

ప్రశ్న: నా యాంప్లిఫయర్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. రివైండింగా, కొత్తదా? – కరీంనగర్ పాఠకుడు

జవాబు: సెకండరీలు నాలుగైదు ఉంటే రివైండింగే దారి. చుట్లు లెక్కపెట్టి, వైరు గేజి కొలిచి చుట్టే షాపుకే ఇవ్వండి. సెకండరీ ఒకటే అయితే కొత్త టొరాయిడ్ (రింగు ఆకారపు ట్రాన్స్‌ఫార్మర్) మేలు. 35 వోల్టుల రైళ్లకు 25-0-25 వోల్టులది, ఛానెల్‌కు 50 వాట్లకైతే 200 నుంచి 300 వీఏ (ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యపు కొలత) సరిపోతుంది. ఫ్యూజు స్లో-బ్లో రకం (ఆన్ చేసిన క్షణపు భారాన్ని తట్టుకునేది) వేయండి. టొరాయిడ్‌ను బిగించే మధ్యలోని బోల్టు కింద ఛాసిస్‌నూ పైన మూతనూ రెండింటినీ తాకకూడదు. తాకితే అదే ఒక షార్ట్ అయిన చుట్టుగా మారి ఫ్యూజు ఎగిరిపోతుంది. మూత బిగించే ముందు బోల్టు పైన కనీసం 5 మిల్లీమీటర్ల ఖాళీ ఉందో లేదో చూసుకోండి.