ప్యాకేజీ తేలకుండా ట్యూన్ ఇవ్వవద్దు

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ పూర్తి చేసి, షార్ట్ ఫిల్ములకు, చిన్న సినిమాలకు సొంతంగా నేపథ్య సంగీతం చేస్తున్నాడు. దర్శకులు పదేపదే మార్పులు అడుగుతారు, డబ్బు దగ్గరికి వచ్చేసరికి ఫోన్ ఎత్తరు. ఉద్యోగంలో చేరమని చెప్పమంటారా?
– ఒక తండ్రి, కూకట్‌పల్లి, హైదరాబాద్

జవాబు: ఉద్యోగం సంగతికి ముందు, మీ అబ్బాయి పని ఒప్పుకొనే పద్ధతిని సరిచేసుకోవాలి. కృష్ణానగర్, ఫిల్మ్‌నగర్ ప్రాంతాల్లో చిన్న సినిమాల బేరాలు చాలావరకు నోటిమాట మీదే కుదురుతాయి. పైగా అవి ప్యాకేజీ బేరాలు కనుక, రెండు లక్షలకు ఒప్పుకున్నాడంటే వయొలిన్, వేణువు వాయించేవారికి, గాయకులకు, స్టూడియోకు, మిక్సింగ్‌కు ఇవ్వవలసినదంతా అందులోంచే పోతుంది. మిగిలేదే అతడి పారితోషికం. కాబట్టి వాద్యకారుల ఖర్చును, తన ఫీజును విడివిడిగా రాసి చూపించి, ఖర్చు మొత్తాన్ని అడ్వాన్సుగానే తీసుకోవాలి.

మార్పులలో రెండు రకాలున్నాయి. సంగీతం నచ్చక అడిగేవి రెండు విడతల వరకు ఫీజులోనే చేసిపెట్టడం న్యాయం. ఎడిటింగ్ మారినందువల్ల వచ్చేవి అలా కాదు. ఆర్.ఆర్. (రీరికార్డింగ్, అంటే నేపథ్య సంగీతం చేసే పని) పూర్తయ్యాక తలుపు తెరుచుకునే షాట్‌కు ముందు 12 ఫ్రేములు కోశారనుకోండి, సెకనుకు 24 ఫ్రేముల లెక్కన ఆ తర్వాతి బిట్లన్నీ అర సెకను ఆలస్యంగా పడతాయి. తలుపు తెరుచుకున్నాక డ్రమ్ము మోగుతుంది! అందుకే ఎడిట్ లాక్ అయిన, అంటే ఇక కోతలుండవని ఖరారు చేసిన తేదీని ఒప్పందంలో రాయించి, ఆ తర్వాత చేసే ప్రతి మార్పుకూ వేరే రుసుము ఉంటుందని ముందే చెప్పాలి. విడివిడి ట్రాకులను, అంటే స్టెమ్స్‌ను, చివరి వాయిదా అందాకే ఇవ్వాలి. అంతవరకు వినడానికి ఎంపీ3 చాలు.

వేరే సినిమా సంగీతాన్ని ఎడిట్ మీద వేసి తెచ్చి ‘అచ్చం ఇలాగే కావాలి’ అనే దర్శకులు ఎక్కువ. అందులో లయ నచ్చిందా, వాద్యం నచ్చిందా, ఎక్కడ సంగీతం ఆగిపోయిందో అది నచ్చిందా అని అడిగి రాబట్టాలే తప్ప బాణీని అనుకరించకూడదు. కాపీరైట్ గొడవ వస్తే మొదట నిలదీసేది సంగీత దర్శకుడినే.

‘సర్వహక్కులూ నిర్మాతవే’ అన్న వాక్యం చూసి కంగారుపడవలసిన పని లేదు. కాపీరైట్ చట్టానికి 2012లో వచ్చిన సవరణ ప్రకారం, థియేటర్లో సినిమాతో పాటు వినిపించడం మినహా ఇతర వినియోగాలపై వచ్చే రాయల్టీలో స్వరకర్తకు సమాన వాటా ఉంటుంది. దానిని వదులుకుంటున్నట్టు సంతకం చేయించుకున్నా చెల్లదు. ఆ వాటా వసూలు కావాలంటే ఇండియన్ పర్ఫార్మింగ్ రైట్ సొసైటీ (ఐపీఆర్ఎస్)లో సభ్యత్వం తీసుకుని, చేసిన పనులను నమోదు చేయించాలి. ఫీజులో కోసిన టీడీఎస్ తన పాన్ మీద జమ అయిందో లేదో కూడా చూసుకోవాలి.

ఇక ఉద్యోగం. విడుదలకు ముందు ఆర్.ఆర్. పని రాత్రింబవళ్లు నడుస్తుంది కనుక షిఫ్టు ఉద్యోగంతో అది పొసగదు. పేరున్న సంగీత దర్శకుల దగ్గర కీబోర్డ్ ప్రోగ్రామర్‌గానో, డబ్బింగ్ స్టూడియోలో సౌండ్ ఇంజినీర్‌గానో చేరితే నెల జీతం వస్తుంది, నిర్మాతలతో ఎలా మాట్లాడాలో దగ్గరుండి చూసే అవకాశమూ దొరుకుతుంది. ముందు అటువైపు ప్రయత్నించమనండి.