గోల్ఫ్‌లో వెనక గ్రూపు ఆగిపోకుండా ఆడడం ఎలా?

నెమ్మదిగా ఆడుతున్నామని వెనక గ్రూపు వాళ్లు నడుం మీద చేతులు పెట్టుకుని చూస్తుంటే టెన్షన్‌తో షాట్లు పాడవుతున్నాయి, ఏం చేయాలని ఒకరు అడిగారు. నాదీ ఒకప్పుడు అదే బాధ. మా ముందు ఒక హోల్ (మొదటి షాట్ కొట్టే చోటు నుంచి గుంట దాకా ఉండే భాగం) మొత్తం ఖాళీగా ఉందని, అంటే మేం వెనకబడ్డామని, మార్షల్ (ఆట వేగం చూసే కోర్సు మనిషి) వచ్చి చెప్పేదాకా నాకు తెలియనే లేదు. కంగారులో స్వింగ్ స్పీడు పెంచాను. బంతులు చెట్లలోకి పోయాయి, వెతుకులాటతో ఇంకా ఆలస్యం.

తర్వాత గమనిస్తే, నా టైమంతా షాట్‌కి ముందే పోతోంది. పక్కవాళ్లు కొడుతుంటే చూస్తూ నిలబడేవాణ్ణి. నా వంతు వచ్చాక గ్లవ్ కోసం జేబులు తడుముకోవడం, దూరం చూడడం, ఒక క్లబ్ తీసి మళ్లీ పెట్టేయడం. ఇప్పుడవన్నీ వాళ్లు ఆడుతుండగానే, వాళ్లకి అడ్డు రాకుండా కానిచ్చేస్తాను. రూల్స్‌లో సూచించింది షాట్‌కి 40 సెకన్లు. సిద్ధంగా ఉంటే అందులో సగం చాలు.

స్ట్రోక్ ప్లేలో (మొత్తం షాట్లు లెక్కపెట్టే ఆట) గుంటకి దూరంగా ఉన్నవాడే ముందు కొట్టాలని ఎదురుచూడక్కర్లేదు, ఎవరు రెడీగా ఉంటే వాళ్లు కొట్టేయచ్చు. మ్యాచ్ ప్లేలో (ఒక్కో హోల్ ఎవరు గెలిచారో చూసే ఆట) మాత్రం ముందు ఎదుటివాళ్ల ఒప్పుకోలు తీసుకోండి, లేకపోతే ఆ షాట్ రద్దు చేయమనే హక్కు వాళ్లకుంది.

అన్నిటికన్నా ఎక్కువ టైం తినేది పోయిన బంతి. 2019 నుంచి వెతకడానికి 3 నిమిషాలే. దొరక్కపోతే మళ్లీ ఆ షాట్ కొట్టిన చోటికే నడవాలి, ఆ నడక నేను చాలాసార్లు తలొంచుకుని నడిచాను. అనుమానం వస్తే అక్కడే "ప్రొవిజనల్" (మొదటిది దొరక్కపోతే వాడే తాత్కాలిక బంతి) అని పైకి చెప్పి రెండోది కొట్టేయండి. చెప్పకుండా కొడితే అదే మీ అసలు బంతి అయిపోతుంది, పెనాల్టీతో సహా. నీళ్లలో పడిందని ఖాయంగా తెలిస్తే ప్రొవిజనల్ కుదరదు.

గ్రీన్ (గుంట చుట్టూ ఉండే నున్నటి గడ్డి) దగ్గర నేను చేసిన తప్పు చిన్నదే: బ్యాగ్‌ని మేం వచ్చిన వైపే వదిలేసేవాణ్ణి. పట్టింగ్ (బంతిని గుంటలోకి దొర్లించడం) అయ్యాక నలుగురం వెనక్కి నడిచి, అక్కడే నిలబడి స్కోర్ లెక్కపెట్టుకునేవాళ్లం. అంతసేపూ వెనక వాళ్లు కొట్టలేరు కదా! బ్యాగ్ తర్వాతి టీ (తర్వాతి హోల్ మొదలయ్యే చోటు) వైపు పెట్టుకోండి, స్కోర్ అక్కడికెళ్లి రాసుకోండి. గుంటలో ఉన్న ఫ్లాగ్ తీయకుండానే పట్ చేయచ్చు.

ఇంతా చేసినా మీ ముందు ఖాళీ ఉండి, వెనక వాళ్లు ఆగుతుంటే, చెయ్యి ఊపి వాళ్లని ముందుకు పంపేయండి. మొదటిసారి నాకు నామోషీగా అనిపించింది. వాళ్లు వెళ్లాక కొట్టిన షాటే ఆ రోజు నా బెస్ట్ షాట్.