సంతకం పెట్టేముందు ఆ కాగితం చదువు

పర్లాకిమిడి

చి. మేనకోడలికి,

మావయ్య ఆశీస్సులు. పాటల మీద నీ పరిశోధన వ్యాసం అచ్చుకు తీసుకున్నారని తెలిసినప్పటి నుంచీ మీ అత్త వీధంతా చెప్పుకుంటోంది. పత్రికవాళ్లు పంపిన ఒప్పందం మీద సంతకం పెట్టేశావా? పెట్టకపోతే కాస్త ఆగు.

నేను చదవకుండానే పెట్టాను, నా వ్యాసం మీద హక్కులన్నీ పత్రికకే పోయాయి. పదేళ్ల తర్వాత సెరంగో వైపు నుంచి ఒక సవర బడిపంతులు వచ్చి, వాళ్ల ఊరి పాటల మీద నేను రాసిన వ్యాసం కావాలన్నాడు. నా దగ్గరున్న కాపీ చెదలు తినేసింది. నెట్‌లో వెతికితే పత్రిక సైటు చదవడానికి ముప్పై ఐదు డాలర్లు కట్టమంది. ఆ పాటలు నాకు పాడి వినిపించింది అతని నాయనమ్మే. అతన్ని ఉత్తచేతులతో పంపిన ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదమ్మా.

ఈ ఊళ్లోనే గిడుగు రామమూర్తిగారు సవరలను ఇంట్లో పెట్టుకుని వాళ్ల భాష నేర్చుకున్నారు. 1931లో మద్రాసులో అచ్చయిన ఆయన సవర వ్యాకరణానికి ఇప్పుడు కాపీరైట్ లేదు, ఎవరైనా కాపీ తీసుకోవచ్చు. నిన్నగాక మొన్న నేను రాసిందానికి మాత్రం తాళం!

అమెరికాలో ఎర్ల్‌హామ్ కాలేజీలో ఫిలాసఫీ చెప్పిన పీటర్ సూబర్ అనే ప్రొఫెసర్ ఈ తాళాల మీదే ఏళ్ల తరబడి పోరాడారు. పరిశోధన వ్యాసాలు నెట్‌లో అందరికీ ఉచితంగా దొరకాలన్న 2002 నాటి బుడాపెస్ట్ ప్రకటన ముసాయిదా ప్రధానంగా ఆయన రాసిందే. ఆయన వాదన నాకు సూటిగా తగిలింది. నవల రాసినవాళ్లకు అమ్మకాల మీద డబ్బొస్తుంది. మనకు పత్రిక పైసా ఇవ్వదు, పదిమంది చదవాలనే రాస్తాం. మరి ఉచితంగా ఇస్తే మనకు పోయేదేముంది?

నువ్వు చేయాల్సింది పెద్దపనేం కాదు. అచ్చుకు ముందు వ్యాసాన్ని పరిశీలించే రివ్యూవర్లు చెప్పిన దిద్దుబాట్లు చేశాక, పత్రికవాళ్లు పేజీలు కట్టకముందు నీ దగ్గరుండే వర్డ్ ఫైలు జాగ్రత్తగా దాచు. దాన్ని రిపాజిటరీలో, అంటే ఎవరైనా ఉచితంగా చదువుకునేలా వ్యాసాలు దాచే నెట్ భాండాగారంలో, పెట్టుకోవడానికి చాలా పత్రికలు ఒప్పుకుంటాయి, కొన్ని ఏడాది ఆగమంటాయి. ఒప్పందంలో ఆ మాట లేకపోతే ఎడిటర్‌కు మెయిల్ రాసి అడుగు, మొహమాటపడకు. ఉచితంగా దొరికేలా చేస్తామంటూ నీ దగ్గరే ఫీజు అడిగితే మాత్రం కట్టకు. ఉచితంగా పెడితే విలువ తగ్గుతుందని ఎవరన్నా నమ్మకు, రివ్యూ జరిగేది అదే రివ్యూ.

2025 నుంచి ప్రభుత్వ యూనివర్సిటీల వాళ్లు పత్రికలు చదువుకునేలా కేంద్రమే చందా కట్టే వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ వచ్చింది కదా అంటావేమో. బరంపురంలో ఉన్న నీకు అది పనికొస్తుంది, కొండమీది పంతులికి రాదు. అన్నట్టు, పాటలు పాడినవాళ్లను కూడా ఒకమాట అడుగు. బయట పెట్టొద్దన్న పాట పెట్టకు.

లింకు రాగానే నాకు పంపు. పంతులి నంబరు నా ఫోన్‌లో ఉంది.

మీ మావయ్య