41కి 6 దాకా ఎందుకు ఆగాలి?

ప్రశ్న: మేడమ్, నేను ఎమ్మెస్సీ మ్యాథ్స్ రెండో ఏడాది. ప్రిమిటివ్ రూట్లు ఎన్ని ఉంటాయో క్లాసులో చెప్పారు, అర్థమైంది. అవి ఎక్కడుంటాయని అడిగితే మాత్రం "కేరెక్టర్ సమ్స్ వాడాలి" అని బోర్డు నిండా సిగ్మాలు (మొత్తం కట్టే గుర్తులు) రాశారు. 41కి మొదటి ప్రిమిటివ్ రూట్ 6 అట, 2, 3, 4, 5 ఏవీ కావట. దీనికీ ఆ సిగ్మాలకీ సంబంధం ఏమిటి?
— ఒక విద్యార్థిని, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: అమ్మా, మీరు సరిగ్గా 41నే పట్టుకున్నారు, కథంతా అందులోనే ఉంది. మిగతా పాఠకుల కోసం ఒక్క ముక్క చెప్పి వస్తాను. పి అనే ప్రధాన సంఖ్య తీసుకుని, ఏదో ఒక సంఖ్యని దానితోనే మళ్లీ మళ్లీ గుణిస్తూ ప్రతిసారీ పితో భాగించి శేషం రాసుకోండి. 1 నుంచి పి−1 దాకా అన్ని శేషాలూ వస్తే ఆ సంఖ్య ప్రిమిటివ్ రూట్. 7కి 3 అలాంటిది: 3, 2, 6, 4, 5, 1. 2 కాదు, 2, 4, 1 అంటూ మూడింటికే తిరిగొచ్చేస్తుంది. ప్రతి ప్రధాన సంఖ్యకీ ఇవి ఉంటాయని గౌస్ 1801లో వచ్చిన తన పుస్తకంలో నిరూపించాడు.

ఇప్పుడు 41. ఒకటి తీసేస్తే 40, దాని ప్రధాన కారణాంకాలు 2, 5. కాబట్టి రెండే షరతులు: 41తో భాగించి శేషాలే చూస్తున్నప్పుడు ఆ సంఖ్య దేనికీ వర్గం కాకూడదు, దేనికీ అయిదో ఘాతం కాకూడదు. 2 మొదటి షరతులోనే పోయింది, ఎందుకంటే 17 వర్గం 289, అందులోంచి 287 తీసేస్తే 2. 5 కూడా అంతే, 13 వర్గం 169, 164 తీసేస్తే 5. 4 ఎలాగూ వర్గమే. 3 వర్గం కాదు గానీ రెండో షరతులో దొరికిపోయింది: −3 అయిదో ఘాతం −243, దానికి 246 కలిపితే 3. ఇక 6 చూడండి. 2 వర్గం, 3 వర్గం కాదు, కాబట్టి వాటి లబ్ధం వర్గం కాదు. 3 అయిదో ఘాతం, 2 అయిదో ఘాతం కాదు, కాబట్టి లబ్ధం అయిదో ఘాతమూ కాదు. 2కి లేనిది 3 దగ్గర, 3కి లేనిది 2 దగ్గర ఉన్నాయి, రెండూ కలిసి 6లో కుదిరాయి. ఈ లెక్క కాగితం మీద మీ చేత్తో చెయ్యండి, దయచేసి. సిగ్మాలు ఆ తర్వాత భయపెట్టవు.

పైన మనం వాడింది ఒకటే: గుణకారంతో కలిసి నడిచే ఒక గుర్తు. కేరెక్టర్ అంటే అదే. వర్గమైతే +1, కాకపోతే −1 అన్నది ఒక కేరెక్టర్. అయిదో ఘాతాల సంగతి తెలుసుకోవాలంటే రెండు గుర్తులు చాలవు, వృత్తం మీద సమాన దూరంలో అయిదు దిక్కులు పెట్టుకుని ప్రతి శేషానికీ ఒక దిక్కు ఇస్తాం, అసలైన అయిదో ఘాతాలన్నిటికీ తూర్పు అనుకోండి. రెండు సంఖ్యలని గుణిస్తే వాటి దిక్కుల కోణాలు కూడతాయి.

ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ దగ్గర ఇసుకలో నిలబడ్డారనుకోండి. 1, 2, 3 అని లెక్కపెడుతూ ఏ సంఖ్యకి ఏ దిక్కుంటే అటు ఒక అడుగు వెయ్యండి. పి−1 అడుగులు పూర్తయ్యేసరికి బయలుదేరిన చోటికే వస్తారు, ఎందుకంటే అన్ని దిక్కులకీ అడుగులు సమానం. అసలు ప్రశ్న, మధ్యలో ఆపేస్తే సబ్‌మెరైన్‌కి ఎంత దూరంలో ఉంటారు అని. ఆ దూరమే కేరెక్టర్ సమ్. అది √పి ని పి సహజ సంవర్గమానంతో గుణించినంత కూడా ఉండదని 1918లో పోల్యా, వినోగ్రాదోవ్ ఎవరికి వారు నిరూపించారు. 10,00,003 అనే ప్రధాన సంఖ్యకి వర్గాల కేరెక్టర్ తీసుకోండి (+1 అయితే తూర్పు, −1 అయితే పడమర), పది లక్షల అడుగుల నడక, అయినా ఏ క్షణంలో ఆగినా 14 వేల అడుగుల లోపే ఉంటారు! ఇది మొదటిసారి చదివిన రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

దీంతో ప్రిమిటివ్ రూట్లు లెక్కపెట్టడం ఇలా. 41కి వర్గాలు తీసేయాలి, అయిదో ఘాతాలు తీసేయాలి, రెండుసార్లు తీసేసినవి మళ్లీ కలపాలి. ప్రతి తీసివేతా ఒక కేరెక్టర్ల మొత్తం. నడక దూరం పోకపోతే ఆ మొత్తాలన్నీ చిన్నవి, మిగిలేది సగటు: 41కి సగంలో అయిదింట నాలుగు వంతులు, అంటే 40లో 16. పెద్ద పికి, మొదటి కొన్ని సంఖ్యల్లో ఆ సగటు, ఈ మొత్తాల వల్ల వచ్చే పొరపాటు కన్నా ఎక్కువైతే అక్కడ కనీసం ఒక ప్రిమిటివ్ రూట్ ఉండి తీరాలి. ఏదో చూపించకుండానే ఉందని చెప్పగలుగుతున్నాం. చిక్కల్లా ఏమిటంటే √పి కన్నా చిన్న ముక్క తీసుకుంటే పోల్యా–వినోగ్రాదోవ్ హద్దు పనికిరాదు, ఎందుకంటే అన్ని అడుగులూ ఒకే వైపు వేసినా అంత దూరం పోలేం. 1962లో బర్జెస్ ఆ ముక్కని కొంచెం కొంచెం జరుపుతూ సగటు తీసి, వెయ్ నిరూపించిన లోతైన ఫలితాన్ని దానికి జోడించి, హద్దుని దాదాపు పి నాలుగో మూలం దాకా దించాడు. అరవై ఏళ్లు దాటినా, నిరూపణ కాని ఊహల మీద ఆధారపడకుండా ఆ పావు ఘాతాన్ని (నాలుగో మూలం అంటే అదే) ఎవరూ తగ్గించలేదు.

వర్గం కాని మొదటి సంఖ్యకైతే ఇంకా కిందికి దిగొచ్చు. అది తప్పకుండా ప్రధాన సంఖ్యే అవుతుంది కాబట్టి, చిన్న ప్రధాన సంఖ్యలన్నీ వర్గాలైతే వాటితో కట్టిన సంఖ్యలన్నీ వర్గాలే, అలాంటివి ఎన్నో లెక్కపెడితే చాలు అన్నది వినోగ్రాదోవ్ ఎత్తు. చిన్న ప్రధాన కారణాంకాలే ఉన్న సంఖ్యలని లెక్కపెట్టే పని మన వాల్తేరులోనే జరిగింది, ఆంధ్రా యూనివర్సిటీలో వి. రామస్వామి గారు చేసిన ఆ వ్యాసం 1949లో అమెరికన్ మ్యాథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో వచ్చింది. మీరు రోజూ నడిచే ఊరు, అందుకే చెబుతున్నాను. ప్రిమిటివ్ రూట్లకి మాత్రం ఆ ఎత్తు నేరుగా పారదు. కారణం మీ 41 దగ్గరే ఉంది: మొదటిది 6, అది ప్రధాన సంఖ్య కాదు.

ప్రశ్న: 1/7 దశాంశంలో వచ్చే 142857ని 2తో, 3తో గుణిస్తే అవే అంకెలు చుట్టూ తిరుగుతాయని పిల్లలకి చూపిస్తే చప్పట్లు కొట్టారు. 1/13తో చేస్తే కుదరలేదు. ఎందుకండీ?
— ఒక హైస్కూల్ టీచర్, గాజువాక

జవాబు: మాస్టారూ, 7కి 10 ప్రిమిటివ్ రూట్, 13కి కాదు. భాగహారంలో ప్రతి మెట్టులో శేషాన్ని 10తో గుణిస్తాం కదా, 7 దగ్గర ఆరు శేషాలూ ఒకే గొలుసులో వస్తాయి. 13 దగ్గర పన్నెండు శేషాలు రెండు గొలుసులుగా విడిపోతాయి: 1/13కి 076923, 2/13కి 153846. 3/13, 4/13 వేసి చూపించండి, ఏది ఏ గొలుసులో పడుతుందో పిల్లలే కనిపెడతారు. 100 లోపు 7లాంటివి 7, 17, 19, 23, 29, 47, 59, 61, 97. ఇవి అనంతంగా ఉన్నాయా? ఉన్నాయనీ, ప్రధాన సంఖ్యల్లో సుమారు 37.4 శాతం ఇవే అనీ ఆర్టిన్ 1927 నాటి ఊహ. సాధారణీకరించిన రీమన్ పరికల్పన (ఇంకా నిరూపణ కాని పెద్ద ఊహ) నిజమైతే ఇదీ నిజమేనని 1967లో హూలీ చూపించాడు. 2, 3, 5లో కనీసం ఒకటి అనంతమైన ప్రధాన సంఖ్యలకి ప్రిమిటివ్ రూట్ అవుతుందని 1986లో హీత్‌బ్రౌన్ ఫలితంతో తేలింది, ఆ ఒకటి ఏదో మాత్రం చెప్పలేం. 10కి ఇంకా నిరూపణ లేదు. ఇది కూడా పిల్లలకి చెప్పండి. లెక్కల్లో అన్నీ అయిపోలేదని తెలిస్తే వాళ్ల ముఖాలు మారతాయి.

ప్రశ్న: నెట్ (లెక్చరర్ అర్హత) పరీక్షలో ప్రిమిటివ్ రూట్ అడిగితే ఘాతాలన్నీ వెయ్యాలా? టైమ్ చాలక టెన్షన్ వస్తోంది.
— ఒక అభ్యర్థి, మద్దిలపాలెం

జవాబు: అక్కర్లేదు. 43 ఇచ్చారనుకోండి, 42కి ప్రధాన కారణాంకాలు 2, 3, 7, కాబట్టి 21, 14, 6 ఘాతాలు మూడే చూడండి, ఏదీ 1 కాకపోతే అది ప్రిమిటివ్ రూట్. 2 ఏడో ఘాతం 128, అంటే −1, కాబట్టి పద్నాలుగో ఘాతం 1, 2 పోయింది. 3కి ఆ మూడూ వరసగా −1, 36, −2. 3 సరిపోయింది.